మూడంతస్తుల బీట్‌రూట్

ఆ రోజుల్లో ఒకరిని చూసి కుళ్లుకోవాలంటే ఎదురుగా నిలబడి కుళ్లుకోవాల్సి వచ్చేది. ఇప్పటిలాగా ఎవరి ఇల్లో, ఎవరి కారో ఫోన్‌లో చూసి, మంచం దిగకుండానే కడుపు మండించుకునే వసతి లేదు. ఆ మనిషి రోజూ మన పక్కనే తిరుగుతుండాలి, మనతోనే చాయ్ తాగాలి, మనల్ని నోరారా 'అన్నా' అని పిలవాలి. మనం లోపల ఉడికిపోతూ పైకి పళ్లికిలించాలి. అలా ఒళ్లు వంచి, కష్టపడి కుళ్లుకున్నవాణ్ని నేను. అదీ దేని గురించి అంటే, ఒకదాని మీద ఒకటి పేర్చిన బీట్‌రూట్ బిళ్లల గురించి. (నవ్వండి. ఇప్పుడు నాకూ నవ్వే వస్తోంది. అప్పుడు మాత్రం రెండు వారాలు సరిగా అన్నం దిగలేదు.)

మాది పటాన్‌చెరు దగ్గర కర్దనూరు. తొంభైల్లో మా ఊరి పక్కన ఒక గేర్ల ఫ్యాక్టరీ లేచింది. మా భూమిలో మూడెకరాల చెలక దాని ప్రహరీగోడ లోపలికి పోయింది. బదులుగా ఇంటికో నౌకరీ అన్నారు. పదో తరగతి రెండుసార్లు రాసి రెండుసార్లూ లెక్కల దగ్గరే బోర్లాపడ్డ నన్ను మిషన్ల దగ్గరికి పంపడానికి వాళ్లకు ధైర్యం చాలక, గెస్ట్‌హౌస్‌లో వంటకు పెట్టారు. వంట నాకు వచ్చు. ఇంట్లో ఆడపిల్లలు లేకపోవడంతో మా అమ్మ బర్రెల దగ్గర ఉంటే పొయ్యి దగ్గర నేనుండేవాణ్ని. కానీ జీతగాళ్లను పెట్టి సేద్యం చేయించిన ఇంటి కొడుకు, గరిటె పట్టుకుని నౌకరీ చేస్తున్నాడంటే ఊళ్లో తలెత్తుకోవడం ఎలా? అందుకని మొదటి రోజే ఇంటికొచ్చి, "గెస్ట్‌హౌస్‌కు నన్ను ఇన్‌ఛార్జి చేసిన్రమ్మా" అని ఒక్క మాట అనేశాను. ఆ ఒక్క మాటను మా అమ్మ పొద్దుగూకే లోపల ఊరంతా పంచేసింది. పైగా గెస్ట్‌హౌస్‌కు పాలు పోసేది మేమే. రోజూ పొద్దున క్యాను పట్టుకుని వంటగది వెనక తలుపు దగ్గరికి వచ్చే మా అమ్మ, నేను ఉల్లిగడ్డలు కోస్తూ కనబడితే, "ఇన్‌ఛార్జివి, నువ్వెందుకు కోస్తున్నవ్ రా?" అనేది. "ఇన్‌ఛార్జి అన్నంక అన్నీ మనమే సూసుకోవాలె అమ్మా, ఒకల మీద ఇడిసిపెడితే కాదు" అనేవాణ్ని. పిచ్చి తల్లి, నమ్మేది.

ఆ అబద్ధం నాలుగేళ్లు హాయిగా బతికింది. నిజానికి ఆ గెస్ట్‌హౌస్‌కు ఇన్‌ఛార్జి అంటూ ఎవరూ లేరు, కాబట్టి కాదనేవాళ్లూ లేరు. నా బగారా అన్నం, కోడికూర తిని మా పెద్దసారు (ఫ్యాక్టరీ మేనేజరు, బెజవాడ వైపు మనిషి) "ఏమోయ్, నీ చేతిలో ఏదో ఉందోయ్" అనేవారు. ఆ మాటకు నేను వారం రోజులు నేల మీద నడిచేవాణ్ని కాదు. ఇంతలో కొత్త మిషన్ బిగించడానికి ఇటలీ నుంచి ఇద్దరు ఇంజనీర్లు దిగారు. ఒకాయనకు పొడుగు దొర అనీ, ఇంకొకాయనకు గడ్డం దొర అనీ మేం పేర్లు పెట్టుకున్నాం. మొదటి రోజు వాళ్లకు నా కోడికూర వడ్డించాను. చెమటలు కక్కుతూ, ముక్కులు తుడుచుకుంటూ, మర్యాదస్తులు కాబట్టి మొత్తం తిన్నారు. రెండో రోజు మిషన్ దగ్గరికి రాలేదు. మూడో రోజూ రాలేదు. నాలుగో రోజు పెద్దసారు సికింద్రాబాద్ వెళ్లి, జీపులో ఒక కొత్త వంటవాణ్ని ఎక్కించుకుని వచ్చారు.

జీపులోంచి ముందు ఒక తెల్లటి టోపీ దిగింది. దాని కింద ఒక మనిషి ఉన్నాడు. జానెడున్నర ఎత్తు, గంజి పెట్టి ఇస్త్రీ చేసిన టోపీ. దానితో మా వంటగది తలుపులోకి రావాలంటే వంగి రావాలి. పేరేదో చెప్పాడు కానీ ఆ రోజు నుంచీ అందరికీ అతను టోపీయే. నాకంటే రెండేళ్లు చిన్న. "నమస్తే అన్నా, నువ్వు సీనియర్‌వి, జెర చూసుకోవాలె నన్ను" అన్నాడు. ఏ మాత్రం పొగరు ఉన్నా కోపం తెచ్చుకునేందుకు నాకు సులువుగా ఉండేది. వాడికి అదీ లేదు.

ఆ మధ్యాహ్నమే ఆ బీట్‌రూట్ పుట్టింది. నాకు తెలిసిన బీట్‌రూట్ అంటే ఇంత కొబ్బరేసి తాలింపు పెట్టేది, లేదా క్యాంటీన్‌లో ఎవరూ ముట్టుకోకపోతే సాయంత్రం సాంబారులో కలిసిపోయేది. టోపీ వాటిని వెండికాగితంలో చుట్టి, అంతవరకు మేం గిన్నెలు దాచుకునే ఓవెన్‌లో పెట్టి గంటసేపు మగ్గనిచ్చాడు. తొక్క తీసి, స్టీలు రింగుతో గుండ్రంగా కోశాడు. తెల్లటి చీజ్‌లో మిరియాలు దంచి కలిపి, ఒక ఎర్ర బిళ్ల, దాని మీద తెల్లటి పొర, మళ్లీ ఎర్ర బిళ్ల, మళ్లీ తెలుపు, పైన ఇంకో బిళ్ల పేర్చాడు. నిమ్మరసంలో తేనె కలిపి చుట్టూ చుక్కలు పెట్టాడు. పళ్లెం అంతా ఖాళీ, నడిమిట్ల ఆ మేడ ఒక్కటే. కాపలా తాత కిటికీలోంచి చూసి, "జీ ప్లస్ టూ కట్టినవ్ గదరా" అన్నాడు. "గింతంత పెడితే కడుపు నిండుతదా?" అన్నాను నేను, గొంతులో విషం ఎంత దాచుకున్నా కొంత కారుతూనే. "ఇది కడుపు నింపేటందుకు కాదన్నా, ఆకలి లేపేటందుకు" అన్నాడు టోపీ. దొరలిద్దరూ మొదటి ముక్కకే కళ్లు మూసుకున్నారు. తిన్నాక వంటగదిలోకి వచ్చి టోపీ చెయ్యి పట్టుకుని ఊపారు. నాలుగేళ్లలో ఆ గెస్ట్‌హౌస్‌లో నా చెయ్యి పట్టుకుని ఊపినవాళ్లు ఒక్కరూ లేరు. ఎవరూ పట్టుకోని ఆ చేతిని జేబులో పెట్టుకుని నేను గిన్నెలు సర్దడానికి వెళ్లిపోయాను.

అంతటితో ఆగినా బాగుండేది. మర్నాడు మా అమ్మ పాలు తెచ్చింది. టోపీ ఎదురెళ్లి క్యాను అందుకున్నాడు (నేను ఎన్నడూ అందుకోలేదని అప్పుడే గుర్తొచ్చింది). రెండు నిమిషాల్లో వాడికి తల్లి లేదని, పిన్ని దగ్గర పెరిగాడని ఆమెకు తెలిసిపోయింది. మూడో నిమిషంలో, నాకని మూట కట్టుకొచ్చిన జొన్నరొట్టె వాడి చేతిలో ఉంది. "పిల్లగాడు ఎంత మర్యాద! నువ్వు గూడ గట్ల ఉండరాదూ?" అంది నాతో. "ఇన్‌ఛార్జి అన్నంక జెర గట్టిగ ఉండాలె అమ్మా" అన్నాను. ఒకరోజు టోపీ స్నానానికి వెళ్లినప్పుడు ఆ టోపీ తీసి నేనూ పెట్టుకుని చూశాను. అది చెవుల దాకా దిగి కళ్లు మూసేసింది. సరిగ్గా అప్పుడే కాపలా తాత లోపలికి వచ్చి, నన్ను టోపీ అనుకుని "ఓ పిల్లగా, చాయ్ వొయ్యి" అన్నాడు. టోపీ తియ్యకుండానే పోశాను.

ఆ వారంలోనే పెద్దసారు మా ఇద్దరినీ పిలిచారు. శనివారం బొంబాయి నుంచి యజమాని వస్తున్నారనీ, కొత్త మిషన్ ప్రారంభం అయ్యాక మధ్యాహ్న భోజనం గెస్ట్‌హౌస్‌లోనేననీ చెప్పారు. "ఇద్దరు వంటవాళ్లకి ఒక తల ఉండాలయ్యా. ఆ రోజు భోజనం ఎలా ఉంటుందో చూసి మీ ఇద్దర్లో ఒకర్ని ఇన్‌ఛార్జిని చేస్తాను" అన్నారు. నాలుగేళ్ల నుంచి నేనున్న ఉద్యోగంలోకి ఇప్పుడు ఇంకొకణ్ని తీసుకుంటారట! టోపీ ఇన్‌ఛార్జి అయితే ఆ సంగతి మర్నాడు పొద్దున పాలక్యానుతోపాటు మా ఇంటికి పోతుంది. పొద్దుగూకే లోపల ఊరంతా తెలుస్తుంది. మా అమ్మ ముఖం ఎలా చూడాలి? ఆ సాయంత్రం సైకిలు తొక్కుకుంటూ, శనివారం వాడి మేడ దొరల ముందే కూలిపోతే టెంకాయ కొడతానని ఇస్మాయిల్‌ఖాన్‌పేట భవానీకి మొక్కుకున్నాను. (అమ్మవారిని అలాంటి పనికి పిలవకూడదని నాకు తెలుసు. అందుకే ఒక్క టెంకాయతో సరిపెట్టాను.)

గురువారం గడ్డం దొర తన పెట్టెలోంచి మైనపు కాగితం చుట్టిన ఒక గడ్డ తీసి టోపీకి ఇచ్చాడు. వాళ్ల ఊళ్లో వాళ్లమ్మ మేకపాలతో చేసిన చీజ్ అట. శనివారం మేడకు అదే వాడమన్నాడు. శుక్రవారం టోపీ సామాన్లు తేవడానికి సికింద్రాబాద్ పోతూ ఆ గడ్డను నా చేతిలో పెట్టాడు. "పొద్దుగాల్నే వస్త. నువ్వుంటే నాకేం పరేషాన్ లేదన్నా" అన్నాడు. వాడటు పోగానే నా బుర్రలో పురుగు తొలిచింది. అసలు ఆ మేడలో అంత గొప్పేముంది? నేను మాత్రం కట్టలేనా? ఇంటి దగ్గర ఒకసారి కట్టి చూసుకుని, శనివారం పెద్దసారు ముందు నేనూ ఒకటి నిలబెడితే? చీజ్‌లోంచి గోరంత గిల్లుకుంటే ఎవరికి తెలుస్తుంది? ఆ గడ్డను టిఫిను డబ్బాలో పెట్టుకుని, అరడజను బీట్‌రూట్లు సంచిలో వేసుకుని ఇంటికి పోయాను.

మా ఇంట్లో ఓవెన్ ఎక్కడిది? రొట్టెలు చేశాక పొయ్యిలో మిగిలిన నిప్పులూ బూడిదా ఉన్నాయి. కందగడ్డలు కాల్చినట్టే వాటిని బూడిదలో కప్పెట్టాను. పైన తొక్క మాడి, లోపల మెత్తగా, తియ్యగా, జెర పొగ వాసనతో అవి ఎంత బాగా వచ్చాయో! చాయ్ గ్లాసు బోర్లించి గుండ్రంగా కోశాను. "గిదేం ఆట రా?" అంది మా అమ్మ. "ఆఫీసు పని" అన్నాను. చీజ్ డబ్బా తెరిస్తే మాత్రం కళ్లు తిరిగే వాసన వచ్చింది. ముక్కు మూసుకుని కొంచెం గిల్లి, మూడు మేడలు కట్టాను. మూడూ కూలాయి. నాలుగోది నిలబడింది, కాస్త పక్కకు ఒరిగి. ఆ సంతోషంతో డబ్బా అరుగు మీదే వదిలేసి పడుకున్నాను.

తెల్లారి చూస్తే డబ్బా తళతళా తోమి బోర్లించి ఉంది. "అమ్మా, దీంట్ల ఉన్నదేది?"

"గదా? అబ్బ, ఏం కంపు రా! పాలు ఇరిగి గట్టివడి బూజు వట్టినయ్. పాడి ఉన్న ఇంట్ల గసొంటిది ఉంచుతరా? పెంటకుప్పల పారేసిన. కుక్క గూడ వాసన సూసి ఎన్కకు మర్లింది."

ఉరికాను. కుక్క ఆ తర్వాత మళ్లీ ఆలోచించుకుని వచ్చినట్టుంది. మైనపు కాగితం నాకుతూ కూర్చుంది. మా అమ్మకు మొత్తం చెప్పాల్సి వచ్చింది. మొత్తం అంటే, ఇన్‌ఛార్జి సంగతి తప్ప. అది దొర తల్లి స్వయంగా చేసి కొడుకుకు కట్టిచ్చిన చీజ్ అనగానే ఆమె చేతిలోని చీపురు జారిపోయింది.

"తల్లి చేసి పంపిందా? ముందే సెప్పొద్దారా కొడుకా? ఒక తల్లి కట్టిచ్చినదాన్ని పెంటల పారేస్తినా నేను!" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ దొర తల్లి ఎక్కడుందో ఆమెకు తెలియదు, కానీ ఆ క్షణంలో ఆ తల్లి మా వాకిట్లో నిలబడి ఉన్నట్టే బాధపడింది. కాసేపటికి లేచి కొట్టంలోకి నడిచింది. మా బర్రె ఈని అప్పటికి రెండు రోజులే. "ఆ తల్లి పాలకు నా బర్రె పాలు. జున్ను వెట్టిస్త, తీస్కపో."

"బెల్లం ఎయ్యకమ్మా. ఉప్పు, మిరియాలు ఎయ్యి" అన్నాను. పుట్టి బుద్ధెరిగిన కాడ్నించి జున్నులో ఉప్పు వేసినవాళ్లను ఆమె చూడలేదు. నా ముఖం చూసి, ఏమనుకుందో, వేసింది. ఆవిరి మీద అది తెల్లగా, గట్టిగా పేరుకుంది. ఒక్క షరతు పెట్టింది. జున్ను తిన్న గిన్నెలు పరాయివాళ్లు కడిగితే బర్రె చేపదని, పొదుగులో పాలు దిగవని మా ఇంట్లో నమ్మకం. ఎవరింటికి జున్ను పంపినా గిన్నె కడగకుండానే తిరిగి రావాలి. "పెద్ద సార్లయితేంది, దొరలయితేంది, పళ్లాలు కడగనియ్యకు. నేనే వచ్చి తీస్కపోత" అంది.

జున్ను గిన్నె, కాల్చిన బీట్‌రూట్ల సంచి పట్టుకుని గెస్ట్‌హౌస్‌కు పోయి, టోపీ ముందు నిలబడి జరిగింది చెప్పాను. వాడు అరుస్తాడని ఎదురుచూశాను. వాడు టోపీ తీసి పక్కన పెట్టి, మెట్టు మీద కూర్చున్నాడు. "నన్నడిగితే నేనే నేర్పిస్తుంటి గదన్నా" అన్నాడు. అంతే. నాలుగు తిట్లు తిట్టినా ఆ మాటంత గుచ్చుకునేవి కావు. తర్వాత సంచిలోంచి ఒక బీట్‌రూట్ తీసి కొరికాడు. ఆగాడు. మళ్లీ కొరికాడు. "దీంట్ల గీ పొగ వాసన ఎట్లొచ్చింది?" అన్నాడు. జున్ను ముక్క నోట్లో వేసుకున్నాడు. టోపీ మళ్లీ తల మీదికెక్కింది. "లే అన్నా, జల్దీ. నువ్వు కొయ్యి, నేను పేరుస్త."

ఆ రోజు మేమిద్దరం పక్కపక్కన నిలబడి పనిచేశాం. జున్ను చీజ్ లాగా అతుక్కోదు, జారుతుంది. వాడు ఊపిరి బిగబట్టి పేర్చాడు, పైన పల్లీలు చితక్కొట్టి చల్లాడు. మేడలు బల్ల మీదికి బయల్దేరినప్పుడు ఒక్కొక్కటీ చిన్నగా వణుకుతోంది. నేను తలుపు చాటున నిలబడి, పాత మొక్కు రద్దు చేసుకుని, కూలకపోతే టెంకాయ కొడతానని కొత్తగా మొక్కుకున్నాను. అయిదు మేడలూ నిలబడ్డాయి. గడ్డం దొర మొదటి ముక్క నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. పళ్లెం వైపు చూశాడు. పెద్దసారు చెవిలో ఏదో అన్నాడు. పెద్దసారు నేప్‌కిన్ కింద పెట్టి, నేరుగా వంటగదిలోకి వచ్చారు.

"ఇది ఆయనిచ్చిన చీజ్ కాదంటున్నాడు. ఏమయ్యా ఇది?"

అప్పటికే పళ్లాల కోసం వచ్చి వెనక తలుపు దగ్గర కూర్చున్న మా అమ్మ కొంగు సర్దుకుని లేచింది. "తప్పు నాది సారూ. పాడైన పాలనుకొని నేనే పారేసిన. గిది మా బర్రె జున్ను. ఆ తల్లికి నా తరఫున సెప్పుండ్రి. మా పోరన్ని ఏమనకుండ్రి. ఇన్‌ఛార్జి అన్నంక అన్నీ వాడే సూసుకోవాలె, ఒక్కడు ఎన్నని సూస్తడు పాపం!"

"ఇన్‌ఛార్జా? ఎవరు?" అన్నారు పెద్దసారు.

నాలుగేళ్ల అబద్ధం ఆ వంటగది నడిమిట్ల బట్టలు లేకుండా నిలబడింది. మా అమ్మ నా వైపు చూసింది. నేను గోడ గడియారం వైపు చూశాను. అప్పుడు నా పక్కనుంచి, నింపాదిగా, ఒక గొంతు వినిపించింది. "ఈ అన్ననే సార్. నేను వచ్చిన కాడ్నించి ఈయన కిందనే పని చేస్తున్న."

పెద్దసారు టోపీని చూశారు. నన్ను చూశారు. మా అమ్మను కాస్త ఎక్కువసేపు చూశారు. "ఓహో, అలాగా. మంచిది, అలాగే కానివ్వండి" అని లోపలికి పోయారు. కాసేపటికి లోపలినుంచి పెద్ద నవ్వు వినిపించింది. ఆ చీజ్ కంపుకు వాళ్లింట్లో కూడా దాన్ని కిటికీ బయటే పెడతారట. గడ్డం దొర ఆ మాట చెప్పి, ఇంకో మేడ కావాలని వేలు చూపించాడట. తర్వాత టోపీ పళ్లాలన్నీ కడగకుండా తెచ్చి మా అమ్మకు అప్పగించాడు. ఆమె ఒక్కొక్కటి తిప్పి చూసింది. దొరలవి నాకినట్టున్నాయి. ఒక పళ్లెంలో మాత్రం సగం మేడ అలాగే ఉంది. "గిది ఎవలది?" అంది. పెద్దసారుది. "పాపం, ఉప్పేస్తిమి గద" అంది.

నెల తిరిగేసరికి నాకు నిజంగానే ఇన్‌ఛార్జి కాగితం వచ్చింది. టెంకాయ కొట్టి వచ్చాను. టోపీ ఏడాదిన్నర నా కింద పనిచేసి, ఆ మేడ కట్టడం నాకు చెయ్యి పట్టి నేర్పి, గోవాలో ఏదో పెద్ద హోటల్లోకి పోయాడు. ఇప్పుడు సంగారెడ్డిలో నాకో చిన్న భోజనశాల ఉంది. పెళ్లివాళ్లు అడిగితే బూడిదలో కాల్చిన బీట్‌రూట్ మేడ కట్టి పెడతాను, ఒక్కటీ ఒరగదు. వాడి పని మీద నాకున్న కుళ్లు అలా తీరిపోయింది. తీరనిది ఆ రోజు పెద్దసారు ముందు వాడన్న ఆ ఒక్క మాట మీద. వాడి చోట నేనుంటే, ఆ మాట అనగలిగేవాణ్నా? ఎన్నిసార్లు నన్ను నేనే అడిగినా, నాలో తలుపు చాటున మొక్కులు మొక్కుకునే ఆనాటి పిల్లగాడి దగ్గర్నుంచి ఒకే జవాబు వస్తుంది. వాణ్ని తలుచుకుంటే సిగ్గేస్తుంది, కాస్త జాలీ వేస్తుంది.

మా అమ్మ ఉన్నన్నాళ్లూ బర్రె ఈనినప్పుడల్లా జున్ను దించి, మొదటి గిన్నె చేత్తో పట్టుకుని, "ఆ టోపీ పిల్లగాడు ఏడున్నడో, ఉంటే ముందుగాల వానికే పెడుదు" అనేది.

"నేనున్న గదమ్మా" అనేవాణ్ని, పక్కనే పీట వేసుకుని కూర్చుని.

"నీకేంది రా, ఇన్‌ఛార్జివి. అందరు తిన్నంక తిను" అని ఆ గిన్నె పక్కింటికి పంపించేది. నేను చివర్లోనే తినేవాణ్ని. జున్ను తియ్యగానే ఉండేది, కడుపు మాత్రం ఇంకా కాస్త మండుతూ ఉండేది.